శార్ఙ్గపాణి సన్నిధి వీధి గణితజ్ఞుడు

కావేరీ తీరమందలి కుంభకోణము, ఆళ్వార్ల వాక్కున తిరుక్కుడందై, 108 దివ్యదేశములలో నొకటి. అచ్చట శార్ఙ్గపాణి స్వామి ఆరావముదుడను తిరునామముతో శేషశాయియై వెలసియున్నాడు. శ్రీవైష్ణవ గురుపరంపరలో ఈ స్వామికి ఒక విశిష్ట స్థానము కలదు. ఒకప్పుడు కొందరు యాత్రికులు ఈ స్వామిని గూర్చి నమ్మాళ్వార్లు అనుగ్రహించిన పది పాశురములను గానము చేయుచుండగా నాథమునులు వినిరి. ఆ దశకము చివర, ఇవి వేయింటిలోని పది మాత్రమేయని తెలుపు మాట యున్నది. పది చేతికి చిక్కినవి. తక్కిన 990 ఎచ్చట? ఆ లెక్కయే నాథమునులను తిరుక్కురుగూరు వరకు నడిపించినదనియు, దాని ఫలముగనే నాలాయిర దివ్యప్రబంధము లోకమునకు మరల దక్కినదనియు పెద్దలు చెప్పుదురు. ఒక సంఖ్య కొరతపడినందువలన ఒక వేదము బయటపడినది.

ఆ స్వామి గోపురమునకు అభిముఖముగా సాగు వీధికి శార్ఙ్గపాణి సన్నిధి వీధియని పేరు. ఆ వీధిలో ముందు అరుగు గల ఒక చిన్న పెంకుటింట శ్రీనివాస అయ్యంగారు అను పేద గృహస్థుడు కాపురముండెను. ఆయన ఒక బట్టల అంగడిలో గుమాస్తా. జీతము స్వల్పము. భార్య కోమలతమ్మాళ్ ఆలయమున భజనలు పాడి, వచ్చిన కొద్దిపాటి సంభావనతో సంసారమును నెట్టుకొని వచ్చుచుండెను. సంఖ్యలనే తన సర్వస్వముగా నెంచి, 32 ఏండ్లకే తనువు చాలించిన శ్రీనివాస రామానుజన్ పెరిగినది ఆ ఇంటనే. ఆయన ఇంగ్లండున కూర్చి ప్రకటించిన ఒక మహాసంఖ్యల పట్టికలో కూడ ఒక సంఖ్య కొరతపడినది. ఆ సంగతి చాలమందికి తెలియదు.

పెండ్లియైన చాలకాలము వరకు కోమలతమ్మాళ్‌కు సంతానము కలుగలేదు. ఆమె తలిదండ్రులు నామక్కల్ క్షేత్రమున శ్రీ నరసింహస్వామి దేవేరియైన నామగిరి తాయారును వేడుకొనిరి. ఆ తల్లి వారి ఇలవేల్పు. 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల ఇంట మగశిశువు జనించెను. రెండవ యేట మశూచికము సోకెను. ఆ బిడ్డ దానిని తప్పించుకొని బ్రతికెను. తరువాత పుట్టిన మువ్వురు శిశువులు పసితనముననే కన్నుమూసిరి. కావున ఈ పెద్ద కుమారుని ఆ తల్లి ఎంత ప్రాణపదముగా పెంచినదో ఊహింపవచ్చును. పురాణ కథలు, పాశురములు, నామగిరి తాయారు మహిమలు ఆ బాలునకు ఉగ్గుపాలతోనే అబ్బినవి.

బడిలో ఆయన గణితమందు ప్రథముడు. 1903 ప్రాంతమున, పదునారవ యేట, కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన ఒక గణిత గ్రంథము ఆయన చేతికి వచ్చెను. అందు వేల కొలది సిద్ధాంతములు కలవు. ఉపపత్తులు మాత్రము దాదాపు లేవు. పరీక్షలకు చదువుకొను వారికై కూర్చిన ఆ పొడి గ్రంథమును రామానుజన్ పారాయణ గ్రంథమువలె పట్టుకొనెను. ప్రతి సిద్ధాంతమును తానే సాధించి చూచుకొనుచు, దానిని దాటి కొత్తవి కనుగొనుచు, నోటు పుస్తకములలో ఎక్కించుకొనుచు పోయెను. తక్కిన పాఠములన్నియు మరుగున పడినవి. కుంభకోణము కళాశాలలో ఉపకారవేతనము పోయెను. ఆ అవమానము భరింపలేక 1905 ఆగస్టులో ఎవ్వరికిని చెప్పక ఇల్లు విడిచి, రైలెక్కి విశాఖపట్టణము చేరెను. సింహాద్రి నాథుడు కొలువైన కొండకు చేరువనున్న ఆ పట్టణమున ఆ పదునేడేండ్ల బాలుడు ఎట్లు గడపెనో గాని, తలిదండ్రులు మాత్రము పత్రికా ప్రకటనతో వెదకించవలసి వచ్చెను. పిదప మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరెను, అచ్చటను ఎఫ్.ఏ. పరీక్ష రెండుమారులు తప్పెను. గణితమును ఎరుగని వారికి ఆయన చదువురాని యువకుడుగనే కన్పట్టెను.

1909లో జానకితో వివాహమయ్యెను. కుటుంబ భారము మీద పడెను. కాగితములు కొనుటకు డబ్బు లేదు. పలకపై లెక్క వేసి, మోచేతితో చెరిపి, ఫలితమును మాత్రము పుస్తకములో వ్రాసికొనెడివాడు. మోచేయి సుద్దతో గరుకెక్కిపోయెను. ఉద్యోగార్థియై తిరుక్కోవలూరులో డిప్యూటీ కలెక్టరు రామస్వామి అయ్యర్ గారిని కలిసెను. భారత గణిత సంఘమును స్థాపించినవారు వారే. వారు ఆ నోటు పుస్తకములను చూచి, ఈ యువకుని తాలూకా కచేరి గుమాస్తాగా చేయుటకు మనసొప్పక, మదరాసులోని మిత్రులకు ఉత్తరములిచ్చి పంపిరి. ఆ ఉత్తరముల దారి నెల్లూరు వరకు సాగెను. అప్పటి నెల్లూరు జిల్లా కలెక్టరు రామచంద్రరావు గారు 1910 చివర ఆయనను చూచిరి. మొదట సందేహించిరి; పిదప నమ్మిరి; నమ్మిన తరువాత కొంతకాలము నెలకు 25 రూపాయలు తమ సొమ్మునుండి ఇచ్చి పోషించిరి. ఊరక తినుట రామానుజన్‌కు రుచింపలేదు. 1912 మార్చిలో మదరాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. అచ్చటి ప్రధాన లెక్కల అధికారి నారాయణ అయ్యర్ గారు స్వయముగా గణితజ్ఞులు. రాత్రులయందు ఇరువురును పలకలు పట్టుకొని కూర్చుండెడివారు.

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తన ఫలితములను కొన్ని వ్రాసి పంపెను. హార్డీ, లిటిల్‌వుడ్ పండితులు వానిని పరిశీలించి, అవి మహాగణితజ్ఞుడు మాత్రమే వ్రాయగలవియని నిశ్చయించిరి. మదరాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధన వేతనమిచ్చెను. కేంబ్రిడ్జికి రమ్మని పిలుపు వచ్చెను. కాని సముద్రయానము నిషిద్ధము. ఆచారవంతుల కుటుంబము, వెళ్ళినచో బంధువులు వెలివేయుదురు. తల్లి ఒప్పుకొనదు. ఆ దినములలో నారాయణ అయ్యర్ గారితో కూడి ఆయన నామక్కల్ వెళ్ళి, ఆలయ మండపమున మూడు రాత్రులు శయనించి తాయారు ఆజ్ఞకై వేచియుండెనని చెప్పుదురు. తల్లికి స్వప్నమున కుమారుడు తెల్లవారి నడుమ కూర్చున్నట్లు కన్పించి, అతని దారికి అడ్డు రావలదని తాయారు ఆనతిచ్చినదని కూడ చెప్పుదురు. ఎట్లైనను తల్లి అనుమతించెను. శిఖ తీసివేయుట, కోటు బూట్లు తొడుగుట ఆమె చూడరాదని, ప్రయాణమునకు ముందే తల్లిని, భార్యను కుంభకోణమునకు పంపివేసెను. 1914 మార్చి 17న నెవాసా అను ఓడలో బయలుదేరి ఏప్రిలు 14న లండను చేరెను.

అచ్చట ఆయన చేసిన మొదటి పెద్దపని ఒక ప్రత్యేక జాతికి చెందిన సంఖ్యలను గూర్చినది. దానిని అర్థము చేసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు. ప్రసాదమును పంచిపెట్టిన అనుభవము చాలును. 12 లడ్డూలున్నచో ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి, పండ్రెండుగురికి సమముగా పంచవచ్చును, ఒక్కనికే యీయవచ్చును. కావున 12కు 1, 2, 3, 4, 6, 12 అని ఆరు భాజకములు. 11 లడ్డూలను ఒక్కనికో, పదునొకండుగురికో తప్ప సమముగా పంచజాలము. అట్టి 11 ప్రధాన సంఖ్య. సంఖ్యలను భాజకములను బట్టి జాతులుగా విభజించుట ప్రాచీనమైన అలవాటు. తన్ను విడిచి తక్కిన భాజకముల మొత్తము తనకంటె తక్కువైనచో న్యూనసంఖ్యయనియు, సమానమైనచో పరిపూర్ణ సంఖ్యయనియు, మించినచో అధిక సంఖ్యయనియు యవనులు పేర్లు పెట్టిరి. 8 న్యూనము, 6 పరిపూర్ణము, 12 అధికము. రామానుజన్ చేసిన విభాగము వేరు. తనకంటె చిన్నవైన సంఖ్యలన్నిటికంటె ఎక్కువ భాజకములు గల సంఖ్యను ఆయన ఒక జాతిగా ఏర్పరచి, అత్యంత సంయుక్త సంఖ్యయని యర్థమిచ్చు పేరు పెట్టెను. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360 ఇట్టివి.

ఆళ్వార్లు 12 మంది. కేశవాది నామములు 24. దినమునకు 60 గడియలు. ఇవి మూడును ఈ జాతిలోనివే. మరి 108? దివ్యదేశముల సంఖ్య, అష్టోత్తర శతనామముల సంఖ్యయైన 108కి భాజకములు 12. కాని 60కి కూడ భాజకములు 12 కలవు. చిన్న సంఖ్యయే సమానముగా నిలిచినది కనుక 108 ఈ జాతిలో చేరదు. ఇందువలన 108 పవిత్రతకు వచ్చిన లోటేమియు లేదు. దాని గొప్పతనము వేరు కొలతతో కొలువవలసినది. బ్రహ్మకు ఒక పగలైన కల్పము 432 కోట్ల సంవత్సరములు. ఇంత పెద్ద సంఖ్యకు భాజకములు 384 మాత్రమే. దీనిలో పదవ వంతైనను లేని 36 కోట్ల 75 లక్షల 67 వేల 200 అను సంఖ్యకు 1152 భాజకములు కలవు. కల్ప సంఖ్య 2, 3, 5 అను మూడు ప్రధాన సంఖ్యలతోనే నిర్మితమైనది. రెండవది 17 వరకు గల ప్రధాన సంఖ్యలన్నిటిని తనలో ఇముడ్చుకొన్నది. భేదమంతయు అందే యున్నది.

ఈ సంఖ్యల నిర్మాణమునకు రామానుజన్ నియమములు కనుగొనెను. వానిలో మొదటిది సులభము. 108ని విడదీసినచో 2ను రెండుసార్లు, 3ను మూడుసార్లు గుణింపవలెను. ఈ రెండింటిని తారుమారు చేసి, 2ను మూడుసార్లు, 3ను రెండుసార్లు గుణించినచో 72 వచ్చును. దానికి కూడ 12 భాజకములే. సంఖ్య మాత్రము చిన్నది. కావున ఈ జాతిలో చేరదగిన సంఖ్యలో చిన్న ప్రధాన సంఖ్య ఎక్కువమారులు, పెద్దది తక్కువమారులు రావలెను. నడుమ ఏ ప్రధాన సంఖ్యయు తప్పరాదు. చివరిది ఒక్కమారే రావలెను. ఈ చివరి నియమమునకు 4, 36 అను రెండే అపవాదములు. ఇంతవరకు పాఠశాల బాలుడైనను గ్రహింపగలడు. ఆయన అచ్చట ఆగక, ఏ ప్రధాన సంఖ్య ఎన్నిమారులు రావలెనో అత్యంత సూక్ష్మమైన హద్దులతో నిర్ణయించెను. ఈ జాతిలోనే మరింత శ్రేష్ఠమైన ఉపజాతిని వేరుచేసి చూపెను. 12, 60, 120, 360, 2520, 5040 ఆ కోవలోనివి. ఈ విషయము గణితపు రాజమార్గమునకు కొంత ఎడముగా నున్నదని హార్డీ భావించినను, అందు రామానుజన్ చూపిన బలమునకు ఆశ్చర్యపడెను. ఆ వ్యాసము 1915లో లండను గణిత సంఘపు పత్రికలో వెలువడెను. ఎఫ్.ఏ. తప్పిన వానికి ఆ వ్యాసముపైననే 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము బి.ఏ. పట్టమిచ్చెను.

ఆ వ్యాసమందొక పట్టిక కలదు. ఈ జాతి సంఖ్యలను 102 వరకు వరుసగా పేర్చి, ఒక్కొక్కదాని భాజకములెన్నియో, అది ఏయే ప్రధాన సంఖ్యలతో ఏర్పడినదో చూపెను. చివరిది 67,46,32,83,88,800. అనగా 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 800. ఇందు 2 ఆరుమారులు, 3 నాలుగుమారులు, 5 రెండుమారులు, 7 రెండుమారులు, 11, 13, 17, 19, 23 ఒక్కొక్కమారు గుణింపబడినవి. ఒక్కొక్క లెక్కకు ఒకటి కలిపి 7, 5, 3, 3, అటుపై అయిదు రెండులు గుణించినచో 10,080 వచ్చును. దాని భాజకములన్ని. ఒకటి మొదలు 28 వరకు గల ఏ సంఖ్యతో భాగించినను ఈ సంఖ్యకు శేషము మిగులదు. 29 దగ్గర మాత్రము ఆగిపోవును. ఇది యంత్రములు లేని కాలము. మంచుకురియు ట్రినిటీ కళాశాల గదిలో, శాకాహారము దొరకక తానే వండుకొని తినుచు, ఒక్కడు కాగితముపై వేసిన లెక్క ఇది.

ఆ పట్టికలో తప్పిపోయిన సంఖ్య యేది? 2,40,94,02,99,600 అను సంఖ్యకు భాజకములు 4800. పట్టికలో దాని తరువాత 3,21,25,37,32,800 కలదు, దానికి 5376. ఈ రెండింటి నడుమ 2,93,31,86,25,600 ఉండవలెను. దానికి 5040 భాజకములు. నియమములన్నియు దానికి చక్కగా సరిపోవుచున్నవి. కాని పట్టికలో అది లేదు. తరువాతి వారు దానిని గుర్తించి చేర్చిరి. నియమములు ఏ సంఖ్యలు చేరజాలవో త్రోసివేయగలవు గాని, మిగిలిన వానిలో నిజముగా చేరునదేదో ఒక్కొక్కదానిని పోల్చి చూడనిదే తేలదు. ఆ పోల్చుటయందు ఒక్కటి చేయిజారినది.

ఈ లోపమును దాచవలసిన పని లేదు. రామానుజన్‌ను గూర్చి చెప్పునప్పుడు నామగిరి తాయారు స్వప్నమున వచ్చి సూత్రములు చెప్పినదనియు, ఆయన లేచి వ్రాసికొనెననియు చెప్పి ఊరకుండుట మన యిండ్లలో అలవాటైనది. స్వప్నమున రక్తబిందువులు కన్పించుట నరసింహస్వామి అనుగ్రహ చిహ్నమని ఆయన నమ్మెననియు, పిదప గణిత పత్రములు కన్నుల యెదుట విప్పుకొనెడివనియు మిత్రులు చెప్పిరి. హార్డీ మాత్రము ఆయన ఆచారమును పాటించిన వాడేగాని విశేష భక్తి విశ్వాసములు గలవాడు కాడని వ్రాసెను. మదరాసు మిత్రుల మాట దానికి విరుద్ధము. తన తాయారును గూర్చి కుంభకోణపు బిడ్డడు నాస్తికుడైన ఆంగ్ల పండితునకు ఎంత చెప్పియుండునో తెలిసినవారు ఎవరి మాట నమ్మవలెనో తేల్చుకొనగలరు. కాని ఆ పట్టిక మాత్రము స్వప్నమున వచ్చినది కాదు. అందలి 102 సంఖ్యలు చేతితో చేసిన సేవ. మాల కట్టు చేతులనుండి ఒక్కొకప్పుడు ఒక పువ్వు జారును. తాయారు ఆయనకు చూపు నొసగినది. ఆ చూపుతో రాత్రింబవళ్ళు కూర్చుండి లెక్క కట్టినది ఆయనే. ఈ రెండవదానిని మరచినచో ఆ మహనీయుని తపస్సును మరచినట్లే యగును.

వ్యాసము ఇంకను మిగిలియుండెను. 1914లో మహాయుద్ధము మొదలైనది. గణిత సంఘమునకు ధనలోపము కలిగెను. ఖర్చు తగ్గించుటకై వ్యాసము చివరి భాగమును అచ్చువేయక విడిచిపెట్టిరి. ఆ కాగితములు కేంబ్రిడ్జిలోనే నిలిచిపోయెను.

హార్డీతో కలిసి 1917లో ఆయన మరొక సిద్ధాంతమును ప్రకటించెను. మామూలు సంఖ్యలకు ఎన్ని వేరువేరు ప్రధాన సంఖ్యలు భాజకములుగా నుండునో అది చెప్పును. ఆరు లక్షల కోట్ల ప్రమాణము గల సంఖ్యలలో అవి సాధారణముగా మూడు నాలుగు మాత్రమే. పట్టిక చివరి సంఖ్యకు తొమ్మిది. లోకములో అధికభాగము సంఖ్యలు పొడిపొడిగా నుండుననియు, ఇట్టి సంపన్న సంఖ్యలు బహు అరుదనియు అప్పుడు తేలినది. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తముగా ఎన్ని విధముల వ్రాయవచ్చునో చెప్పు సూత్రమును కూడ వారిద్దరు కనుగొనిరి. 4ను అయిదు విధముల వ్రాయవచ్చును. 200ను వ్రాయు విధములు 3,97,299 కోట్ల 90 లక్షల 29 వేల 388. మాక్‌మహన్ అను పండితుడు చేతితో గణించి తెచ్చిన సంఖ్యకును వారి సూత్రమునకును సరిపోయినది.

ఇంతలో శరీరము దెబ్బతినెను. యుద్ధకాలమున కాయగూరలు దొరుకుట కష్టమైనది. రాత్రంతయు పనిచేసి పగలు నిద్రించుట, వేళకు వండుకొనకపోవుట, చలి, ఒంటరితనము అన్నియు కలిసినవి. ఇంటినుండి ఉత్తరములు తగ్గినవి. అత్తాకోడండ్ర మనస్పర్ధలు సముద్రము దాటి ఆయన మనస్సును కలచినవి. 1917లో మంచము పట్టెను. అటుపై ఆసుపత్రినుండి ఆసుపత్రికి మారవలసి వచ్చెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము, అక్టోబరులో ట్రినిటీ ఫెలోషిప్పు లభించెను. ట్రినిటీలో ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. గౌరవములన్నియు పడకయొద్దకే వచ్చినవి.

లండను సమీపమున పట్నీలో పడియున్నప్పుడు హార్డీ ఒకనాడు టాక్సీలో చూడవచ్చెను. ఆ బండి సంఖ్య 1729. అది ఏ విశేషమును లేని సంఖ్యయనియు, అపశకునము కాకున్న చాలుననియు హార్డీ మాటవరుసకు చెప్పెను. రోగి వెంటనే దానిని ఖండించెను. రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అది మిక్కిలి చిన్నదని తెలిపెను. 1కిని 12కును ఘనములు కలిపినను, 9కిని 10కిని ఘనములు కలిపినను 1729యే. భాజకములను బట్టి చూచినచో 1729 మామూలు సంఖ్యయే. దానికి ఎనిమిది భాజకములు. 24కు కూడ ఎనిమిదే. వేరొక కొలతతో చూచువానికి గాని దాని విలువ తెలియదు. ఈ సంగతి 17వ శతాబ్దముననే ఒక ఫ్రెంచి పండితునకు తెలియునని గ్రంథములు చెప్పుచున్నవి. పడకలోనున్న రామానుజన్‌కు ఏ గ్రంథమును అక్కరలేకపోయెను.

1919 మార్చిలో స్వదేశము చేరెను. మదరాసు, కొడుముడి, కుంభకోణము, మరల మదరాసు. వైద్యులు మారిరి, వ్యాధి తగ్గలేదు. జానకి పక్కనుండి సేవచేసెను. ఆయన జ్వరముతోనే పక్కపై పండుకొని పలకపైనను కాగితములపైనను వ్రాయుచునే యుండెను. 1920 జనవరి 12న హార్డీకి కొత్తగా కనుగొన్న ప్రమేయములను గూర్చి ఉత్తరము వ్రాసెను. వాని లోతులు తెలియుటకు గణితజ్ఞులకు దాదాపు ఒక శతాబ్దము పట్టినది. 1920 ఏప్రిలు 26న మదరాసు చేట్‌పట్‌లో దేహము చాలించెను. సముద్రము దాటినందుకు రామేశ్వరమున ప్రాయశ్చిత్తము చేయించవలెనని తల్లి సంకల్పించియుండెను. అనారోగ్యమువలన అది సాగలేదు. అందువలన ఆచారవంతులైన బంధువులు పలువురు అంత్యక్రియలకు రాలేదని చెప్పుదురు. సముద్రము దాటుటకు నామగిరి తాయారు అనుమతించినదని ఏ ఇంట నమ్మిరో, ఆ ఇంటి బంధువులే రాకపోయిరి.

జానకమ్మ అప్పటికి ఇరువది రెండేండ్లు కూడ నిండని బాలిక. కొంతకాలము పుట్టింటివారి వద్ద నుండి, తరువాత పార్థసారథి స్వామి సన్నిధియైన తిరువల్లిక్కేణిలో స్థిరపడి, కుట్టుపనితో జీవించెను. ఆమె 1994 వరకు జీవించెను.

ఆయన చివరి యేడాది వ్రాసిన కాగితములు ఇంగ్లండు చేరి, చేతులు మారి, కేంబ్రిడ్జి గ్రంథాలయమున ఒక పెట్టెలో మరుగుపడియుండగా 1976లో ఆండ్రూస్ అను అమెరికా గణితజ్ఞుడు వానిని కనుగొనెను. యుద్ధకాలమున అచ్చుకాక మిగిలిన అత్యంత సంయుక్త సంఖ్యల భాగమును నికోలా, రొబాఁ అను ఫ్రెంచి పండితులు వ్యాఖ్యతో 1997లో ప్రకటించిరి. వ్రాసిన 82 ఏండ్ల తరువాత ఆ వ్యాసము పూర్తియైనది. శార్ఙ్గపాణి సన్నిధి వీధిలోని ఇంటిని 2003లో శాస్త్ర విశ్వవిద్యాలయము వారు తీసికొని, జ్ఞాపకమందిరముగా నిలిపిరి. స్వామి సేవకు పోవు యాత్రికులు ఆ అరుగును చూడవచ్చును.

తప్పిపోయిన ఆ సంఖ్యను గూర్చి ఒక చిన్న మాట మిగిలియున్నది. 2,93,31,86,25,600ను 23తో గుణించి చూడవలెను. వచ్చునది 67,46,32,83,88,800. రామానుజన్ తన పట్టికకు చివర నిలిపిన సంఖ్య అదే.